ఊపిరితిత్తుల బీపీ ఎక్కువగా ఉంటే గుండె మార్పిడి ఆగిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర వశిష్ఠ గట్టును ఆనుకుని ఉన్న ఊరు. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. మా తమ్ముడికి 38 ఏళ్లు. రొయ్యల చెరువుల దగ్గర పని చూసుకునేవాడు. నాలుగేళ్ల క్రితం గుండె కండరం సాగి బలహీనపడిందన్నారు. మందులు మానకుండా వాడుతున్నా ఈ ఏడాది మూడుసార్లు ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. చివరికి గుండె మార్పిడి తప్పదన్నారు. మేమందరం మనసు గట్టి చేసుకున్నాక, మెడ నుంచి సన్నని గొట్టం పంపి ఒక పరీక్ష చేసి, "ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువగా ఉంది, ఇప్పుడే జాబితాలో పేరు పెట్టలేం, చేర్చుకుని మందు ఎక్కించి మళ్లీ కొలుద్దాం" అన్నారు. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 104 మాత్రమే ఉన్నవాడికి ఈ ఎక్కువ బీపీ ఏమిటో మాకు బోధపడలేదు. కాగితంలోని అంకెలు కింద రాశాను: ఊపిరితిత్తుల ధమనిలో 62/30, సగటు 41, వెడ్జ్ 27, గుండె పంపే రక్తం నిమిషానికి 3.1 లీటర్లు. పరీక్షలోనే ఏదో మందు ఇచ్చాక సగటు 33, వెడ్జ్ 22, రక్తం 3.4 లీటర్లు, చేతి బీపీ 88. మా బంధువు ఒకాయన, సిల్డెనాఫిల్ మాత్ర వేస్తే ఊపిరితిత్తుల బీపీ దిగిపోతుందని, మందుల షాపులో దొరుకుతుందని అంటున్నారు. మరొకరు వేరే ఆసుపత్రికి వెళితే వెంటనే చేసేస్తారంటున్నారు. పైగా నిద్రలో గురక పరీక్ష కూడా రాశారు. గుండె జబ్బుకు గురక పరీక్ష దేనికి? మార్పిడి జరిగితే ఈ బీపీ తగ్గుతుందా, లేక కొత్త గుండెను కూడా పాడు చేస్తుందా? ఆ తరువాత వాడు మా ఊళ్లో ఉండవచ్చా? వచ్చే సంక్రాంతికి ఇంటికి తీసుకురావచ్చా?

సమాధానం: అమ్మా, ఆసుపత్రివారు మీ తమ్ముడికి గుండె మార్పిడి కాదనలేదు. ఈ పరిస్థితిలో గుండె పెట్టేస్తే ఆ గుండె మొదటి రెండు మూడు రోజుల్లోనే చతికిలబడే ప్రమాదం ఉందని గుర్తించి, ఆ ప్రమాదాన్ని ముందే తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టారు. మీరు పంపిన అంకెలు చూశాక, వారి స్థానంలో నేను ఉన్నా అదే చెప్పేవాడిని.

చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ, గుండె ఎడమ వైపు నుంచి ఒళ్లంతటికీ వెళ్లే రక్తపు ఒత్తిడి. గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తానికి వేరే ధమని ఉంది, దానికి వేరే ఒత్తిడి ఉంది. ఆరోగ్యవంతుల్లో ఈ రెండో ఒత్తిడి చాలా తక్కువ. దాని సగటు 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. సగటు 20 దాటితే ఎక్కువని ఇప్పుడు లెక్క. కొన్నేళ్ల క్రితం వరకు 25 నుంచి లెక్కించేవారు. మీ తమ్ముడికి 41 ఉంది. కాబట్టి ఒకే మనిషికి చేతి బీపీ తక్కువగానూ, ఊపిరితిత్తుల బీపీ ఎక్కువగానూ ఉండటంలో వింత లేదు. పైగా బలహీనపడిన గుండెల్లో తరచుగా కనిపించే జోడీ అదే.

అది ఎందుకు పెరుగుతుందో గోదావరి గట్టున పెరిగిన మీకు చెప్పడం నాకు తేలిక. పొలంలో నీరు దిగే మురుగు కోడు సముద్రపు పోటు వేళ ఎగదన్నడం మీరు చూసే ఉంటారు. పైనుంచి వచ్చే నీరు ఆగదు, మొగ దగ్గర దారి లేదు, అందువల్ల వెనకనున్న చేలన్నీ నిండుతాయి. ఎడమ జఠరిక బలహీనపడి రక్తాన్ని ముందుకు నెట్టలేనప్పుడు అది ఎడమ కర్ణికలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల సిరల్లోకి, చివరికి ధమనిలోకి ఇలాగే ఎగదన్నుతుంది. ఆటు వచ్చి నీరు లాగితే చేను తేలినట్టే, ఎడమ వైపు భారం తగ్గించగానే ఈ రకం ఒత్తిడి దిగిపోతుంది. కానీ ఏళ్ల తరబడి ఎగదన్నిన కోడులో పూడిక పడి, గుర్రపుడెక్క అల్లుకుంటే పోటు లేని రోజున కూడా నీరు లాగదు. ఊపిరితిత్తుల చిన్న ధమనులు కూడా ఏళ్ల తరబడి ఒత్తిడి మోసి మొదట బిగుసుకుంటాయి, తరువాత వాటి గోడలు మందమవుతాయి. బిగుతును మందు సడలించగలదు. మందమైన గోడ కరగడానికి నెలలు పడుతుంది, కొందరిలో కరగదు. మీ తమ్ముడిలో ఈ మూడింటిలో ఏది ఎంత ఉందో తేల్చుకోవడమే ఇప్పుడు జరుగుతున్న పని.

ఇక మీ కాగితం. ఊపిరితిత్తుల ధమని సగటు ఒత్తిడిలోంచి వెడ్జ్ ఒత్తిడిని తీసేస్తే 41 లోంచి 27 పోగా 14 మిగులుతుంది. వెడ్జ్ అనేది ఎడమ వైపు నుంచి ఎగదన్నుతున్న ఒత్తిడికి కొలత. 15 లోపు ఉండాల్సింది 27 ఉంది, అంటే పోటు బలంగానే ఉంది. మిగిలిన 14ను నిమిషానికి ప్రవహించే 3.1 లీటర్లతో భాగిస్తే దాదాపు 4.5 వస్తుంది. దీన్ని ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం అంటారు. పాల్ వుడ్ అనే బ్రిటిష్ హృద్రోగ నిపుణుడి పేరు మీద దీన్ని వుడ్ యూనిట్లలో చెబుతారు. మామూలుగా ఇది రెండు లోపే ఉంటుంది. మార్పిడి చేసేవారు చూసే అసలు అంకె ఇదే. ధమని ఒత్తిడి ఒక్కటే చూసి భయపడనక్కరలేదు, ఎందుకంటే అదే 41 వెనక పోటు మాత్రమే ఉండవచ్చు, పూడిక కూడా ఉండవచ్చు.

పరీక్షలోనే మందు ఇచ్చి మళ్లీ కొలవడం అదనపు ఖర్చు కోసం చేసిన పని కాదు. ధమనిలో పై అంకె 50కి చేరి, దానితోపాటు నిరోధం 3 దాటినా, లేక సగటుకూ వెడ్జ్‌కూ మధ్య తేడా 15కు చేరినా, చేతి బీపీ 85కు పైన ఉన్నంతవరకు నాళాలను సడలించే మందు ఇచ్చి చూడాలని అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2016 మార్గదర్శకాల్లో ఉంది. మీ తమ్ముడికి పై అంకె 62, నిరోధం 4.5, చేతి బీపీ 104. కాబట్టి ఆ పరీక్ష అతనికి తప్పనిసరి. మందు ఇచ్చాక 33 లోంచి 22 పోగా 11, దాన్ని 3.4తో భాగిస్తే 3.2. అంటే నిరోధం నాలుగున్నర నుంచి మూడుకు కాస్త పైకి దిగింది. ఇందులో మంచి కబురు, నాళాలు మొండికేయలేదన్నది. అంత మంచిది కాని కబురు, ఇంకా దిగవలసి ఉండగానే చేతి బీపీ 88కి జారిందన్నది. ఊపిరితిత్తుల నిరోధం తగ్గినా అందుకోసం ఒంటి బీపీ 85 కంటే కిందికి పడిపోతే, అలాంటివారికి మార్పిడి తరువాత ముప్పు తక్కువ కాదని అనుభవం చెబుతోంది. అందుకే కొన్ని నిమిషాల పరీక్షతో తేల్చేయకుండా, చేర్చుకుని నిదానంగా దించే దారి ఎంచుకున్నారు.

గొట్టం గురించి మీ ఉత్తరంలో భయం కనిపించింది కనుక దాని సంగతి కూడా చెబుతాను. జెరెమీ స్వాన్ అనే వైద్యుడు 1967లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరంలో తెరచాప పడవ గాలివాటున సాగిపోవడం చూసి, గొట్టం కొసన చిన్న బుడగ కడితే రక్త ప్రవాహమే దాన్ని గుండె దాటించి తీసుకుపోతుంది కదా అని ఆలోచించాడు. విలియం గాంజ్‌తో కలిసి తయారుచేసిన ఆ గొట్టం 1970లో వైద్యలోకానికి పరిచయమైంది. మెడ దగ్గర మత్తు సూది వేసి పంపుతారు. మనిషి మెలకువగానే ఉంటాడు. చేరిన తరువాత ఈ గొట్టాన్ని ఒకటి రెండు రోజులు లోపలే ఉంచి గంటగంటకూ అంకెలు చూసుకుంటూ మందు మోతాదు మారుస్తారు.

అసలు సమస్య కొత్త గుండెలోని కుడి జఠరికది. ఆరోగ్యవంతుడి కుడి జఠరిక గోడ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. తక్కువ ఒత్తిడి మీద పనిచేయడానికే అది పుట్టింది. మీ తమ్ముడి సొంత కుడి జఠరిక నాలుగేళ్లుగా పెరుగుతున్న భారానికి కొంత అలవాటుపడింది. దాత గుండెకు ఆ అలవాటు లేదు. పైగా దాత మెదడు చనిపోయే సమయంలో ఒంట్లో రేగే హార్మోన్ల ఉప్పెన ఆ గుండెను అప్పటికే కొంత గాయపరుస్తుంది. తరువాత రక్తం అందకుండా చల్లని పెట్టెలో ప్రయాణం. ఆ గడువు నాలుగు గంటల లోపు ఉండాలని ప్రయత్నిస్తారు. ఇన్ని దెబ్బలు తిని వచ్చిన పలుచని గోడ ఒక్కసారిగా 62 ఒత్తిడికి ఎదురు నెట్టాలంటే బెలూన్‌లా ఉబ్బిపోతుంది. కుడి వైపు నుంచి రక్తం రాకపోతే, ఎడమ వైపు ఎంత బాగున్నా పంపడానికి ఏమీ ఉండదు. గుండె మార్పిడి చేయించుకున్నవారి తొలి రోజుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఈ కుడి వైపు వైఫల్యం ఒకటి.

దీనికి పూర్వం ఒక చిత్రమైన పరిష్కారం ఉండేది. ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్ 1974లో రోగి పాత గుండెను తీయకుండా దాని పక్కనే కొత్త గుండెను కూడా అమర్చాడు. ఊపిరితిత్తుల ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారికి ఈ పద్ధతి వాడటంలో తర్కం ఏమిటంటే, ఆ భారానికి అలవాటుపడిన పాత కుడి జఠరిక తన పని తాను చేస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆ శస్త్రచికిత్స చాలా అరుదు. పూడికను ముందే తీసే మార్గాలు మెరుగుపడటమే అందుకు ఒక కారణం.

ఆ మార్గాలు మీ తమ్ముడికి ఏ వరుసలో వస్తాయో చెబుతాను. మొదట మూత్రం ఎక్కువగా పోయే మందు నరంలోకి ఇచ్చి ఒంట్లో చేరిన నీటిని లాగుతారు. దీన్ని చిన్న విషయంగా చూడకండి. 27 ఉన్న వెడ్జ్‌ను కిందికి తేవడంలో పెద్ద భాగం దీనిదే. దానితోపాటు మిల్రినోన్ లేదా డోబుటమిన్ వంటి మందు సన్నని ధారగా ఎక్కిస్తారు. మిల్రినోన్ గుండె కండరానికి బలమిస్తూనే నాళాలను సడలిస్తుంది. అవసరమైతే నైట్రిక్ ఆక్సైడ్ వాయువును గాలిలో కలిపి పీల్పిస్తారు; పది లక్షల పాళ్లలో 20 పాళ్లు ఉంటే చాలు. అది ఊపిరితిత్తుల నాళాలనే సడలించి, రక్తంలో చేరగానే నిర్వీర్యమవుతుంది కనుక చేతి బీపీని పడగొట్టదు. అయితే ఎడమ గుండె బాగా బలహీనంగా ఉన్నవారిలో, సడలిన నాళాల నుంచి వచ్చే అదనపు రక్తాన్ని ఆ గుండె భరించలేక వెడ్జ్ పెరగవచ్చు. అందుకే దాన్ని గొట్టం అంకెలు చూసుకుంటూనే ఇస్తారు. చాలామందిలో ఈ చికిత్సతో 24 నుంచి 48 గంటల్లోనే నిరోధం దిగడం కనిపిస్తుంది. ఉదాహరణకు మీ తమ్ముడికి సగటు 30కి, వెడ్జ్ 20కి దిగి, రక్తం 4 లీటర్లకు పెరిగిందనుకోండి; నిరోధం రెండున్నర అవుతుంది. చేతి బీపీ 85 పైనే ఉండి ఆ అంకె వస్తే ఈ కారణంగా జాబితాకు ఇక అడ్డు ఉండదు.

దిగకపోతే కొందరికి తొడ ధమని గుండా బెలూన్ పంపు పెట్టి ఎడమ గుండెకు ఆసరా ఇస్తారు. అదీ చాలకపోతే, ఎడమ జఠరికకు తోడుగా ఛాతీలో చిన్న మోటారు అమర్చే మార్గం ఉంది. దాన్ని ఎల్‌వాడ్ అంటారు. ఎడమ వైపు నుంచి రక్తాన్ని రాత్రింబవళ్లు తోడేస్తూ ఉంటే, మొండికేశాయనుకున్న ఊపిరితిత్తుల నాళాలు కూడా మూడు నుంచి ఆరు నెలల్లో మెత్తబడటం చాలామందిలో చూశారు. ఆ తరువాత మళ్లీ కొలిచి జాబితాలో చేరుస్తారు. దాని ఖర్చు మన ఊళ్ల కుటుంబాలకు భారమేనన్నది దాచను. మోటారు పెట్టాక రక్తం పలుచబడే మందులు, పొట్ట దగ్గర నుంచి బయటికి వచ్చే తీగ శుభ్రత, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండాల్సిన బ్యాటరీలు కూడా చూసుకోవాలి. గాలివాన వస్తే మీ ప్రాంతంలో కరెంటు ఎన్ని రోజులు పోతుందో మీకే తెలుసు. అంత దూరం వస్తే ఆ సంగతి వైద్యులతో తప్పకుండా మాట్లాడండి. ప్రస్తుత అంకెలను బట్టి అక్కడిదాకా పోకపోవచ్చనే నా అంచనా.

గురక పరీక్ష రాయడం నాకు ఆ వైద్యుల మీద గౌరవం పెంచింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తే రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. అలా పడిపోయిన ప్రతిసారీ ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి. గుండె బలహీనపడినవారిలో ఈ జబ్బు తరచుగా ఉంటుంది. రాత్రంతా బిగుసుకునే నాళాలను పగలు మందుతో సడలించినంత మాత్రాన ప్రయోజనం సగమే. అలాగే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, పొగతాగడం వల్ల వచ్చిన జబ్బు ఉన్నాయేమో కూడా చూస్తారు. అతనికి చుట్టో సిగరెట్టో అలవాటుంటే, అది మీకు తెలియకుండా ఉన్నా, వైద్యుడికి చెప్పమనండి.

సిల్డెనాఫిల్ విషయంలో మాత్రం నేను కాస్త కటువుగానే చెప్పాలి: షాపులో కొని వేయకండి. ఊపిరితిత్తుల నాళాల్లోనే పుట్టిన జబ్బుకు అది మంచి మందు. కానీ మీ తమ్ముడి ఒత్తిడి ఎడమ గుండె నుంచి ఎగదన్నినది. మొగ దగ్గర పోటు అలాగే ఉండగా ఎగువన లాకులు ఎత్తేస్తే ఏమవుతుందో ఊహించండి. ఎక్కువ రక్తం వెళ్లి, దాన్ని తోడలేని ఎడమ గుండె వెనక ఊపిరితిత్తుల్లోనే నీరు నిలిచి, ఆయాసం అమాంతం పెరగవచ్చు. కవాటం జబ్బుకు చికిత్స జరిగినా ఊపిరితిత్తుల ఒత్తిడి మిగిలిపోయినవారికి ఈ మందు ఆరు నెలలు ఇచ్చి చూసిన ఒక అధ్యయనంలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే ఈ మందు వాడినవారి పరిస్థితే ఎక్కువగా దిగజారినట్టు 2017లో తేలింది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుండె జబ్బు ఉన్నవారి ఇళ్లలో నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర సాధారణంగా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే చేతి బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. పరీక్షలోనే 88కి జారిన మనిషికి ఇది చిన్న మాట కాదు. మార్పిడి కోసం ఎదురుచూసే కొందరికి, మోటారు అమర్చినవారికి, మార్పిడి తరువాత కుడి గుండె నీరసించినవారికి వైద్యులే ఈ మందు ఇస్తారు; అప్పుడు వెనకాడకండి. బంధువు గారి సలహా సదుద్దేశంతో ఇచ్చినదే కావచ్చు. అయినా అది మరో జబ్బుకు పనికొచ్చే సలహా.

వేరే ఆసుపత్రి సంగతి. రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు, కాగితాలన్నీ పట్టుకుని తప్పక వెళ్లవచ్చు. అక్కడ ఒకే ప్రశ్న అడగండి: "ఈ నిరోధం మూడు లోపుకు దిగిందని మళ్లీ కొలిచాకే చేస్తారా?" ఆ కొలతతో పనిలేదన్న చోట అడుగు పెట్టకండి. జాబితాలో చేరిన తరువాత కూడా అంకె స్థిరంగా ఉండదు కనుక, ఎదురుచూపు సాగినకొద్దీ నెలల వ్యవధిలో పరీక్ష మళ్లీ చేస్తారు. విసుక్కోవద్దని మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి.

మార్పిడి రోజున ఏమేం చేస్తారో కొంత తెలిసి ఉంటే, బయట బల్ల మీద కూర్చునే మీకు ఆందోళన తగ్గుతుంది. ఊపిరితిత్తుల నిరోధం ఎక్కువగా ఉన్నవారికి చిన్న ఒడ్డూపొడుగూ గల దాత గుండెను సాధ్యమైనంతవరకు తీసుకోరు. రక్తపు గ్రూపు కలిసినా ఈ కారణంగా ఒక గుండెను వదిలేశారని తెలిస్తే బాధపడకండి. కొత్త గుండె కొట్టుకోవడం మొదలవగానే మిల్రినోన్, అవసరాన్ని బట్టి ఎపినెఫ్రిన్, పీల్చే నైట్రిక్ ఆక్సైడ్ లేదా పీల్చే ప్రోస్టాసైక్లిన్ అందిస్తారు. ప్రాణవాయువు తగ్గినా, బొగ్గుపులుసు వాయువు పెరిగినా, రక్తంలో ఆమ్లం పెరిగినా ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి కనుక వెంటిలేటర్‌ను ఆ మూడింటినీ కాచుకుంటూ నడుపుతారు. కొత్త గుండెకు నరాల సంబంధం తెగిపోయి ఉంటుంది. అది నెమ్మదిస్తే పేస్‌మేకర్ తీగలతో నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకునేలా చూస్తారు. నీరు ఎక్కువైతే కుడి గుండె ఉబ్బుతుంది, తక్కువైతే పంపడానికి రక్తం ఉండదు. ఆ ఇరుకు దారిలో నడిపించడానికే మొదటి రెండు మూడు రోజులు నర్సులు మంచం పక్క నుంచి కదలరు. మందులతో లొంగకపోతే కొన్నాళ్లు, గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే ఎక్మో యంత్రం మీద ఉంచి కుడి గుండెకు విశ్రాంతి ఇస్తారు. ఆ మాట వినగానే ఆశ వదులుకోకండి. కోలుకుని యంత్రం నుంచి బయటపడేవారు ఉన్నారు. నైట్రిక్ ఆక్సైడ్‌ను ఒక్కసారిగా ఆపితే ఒత్తిడి ఎదురుతన్నుతుంది కాబట్టి మెల్లగా తగ్గిస్తూ, కొందరిలో సిల్డెనాఫిల్ మాత్రకు మారుస్తారు. అదే మందు, అదే మనిషి. కానీ ఈసారి ఎడమ గుండె బలంగా ఉంది.

ఆ గండం దాటితే మీ ప్రశ్నకు జవాబు ఆశాజనకంగానే ఉంటుంది. ఎగదన్నే మూలమే పోయింది కనుక చాలామందిలో ఊపిరితిత్తుల ఒత్తిడి మొదటి రోజుల్లోనే బాగా దిగి, తరువాతి వారాల్లో, నెలల్లో మరికొంత తగ్గుతుంది. ఒళ్లు కొత్త గుండెను పరాయిదిగా భావించి ఎదిరించడాన్ని తిరస్కరణ అంటారు. అది ఉందేమో చూడటానికి మెడ నుంచి గుండె ముక్క తీసే పరీక్ష తొలి ఏడాది చాలాసార్లు ఉంటుంది. అప్పుడే ఈ ఒత్తిడిని కూడా కొలుస్తారు. దిగిన ఒత్తిడి మళ్లీ ఎక్కితే తిరస్కరణ, ఊపిరితిత్తుల్లో గడ్డ, మూత్రపిండాలు నెమ్మదించి నీరు చేరడం, చికిత్స లేని గురక జబ్బు వంటి కారణాల కోసం వెతుకుతారు. ఒక గందరగోళం ఇక్కడ తరచుగా జరుగుతుంది. మార్పిడి తరువాత తిరస్కరణను ఆపడానికి వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందుల వల్ల చేతి బీపీ పెరగడం చాలా మామూలు. అది వేరు, ఊపిరితిత్తుల బీపీ వేరు. "బీపీ పెరిగింది" అని ఎవరన్నా, ఏ బీపీ అని అడగండి.

ఇంటి దగ్గర కనిపెట్టాల్సినవి కొన్నే. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లాక, ఏమీ తినకముందు తూకం చూసి కాగితం మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. కాళ్ల వాపు, పొట్ట ఉబ్బరం, కుడి పక్కటెముకల కింద బరువు, కొద్ది నడకకే ఆయాసం, కళ్లు తిరిగి పడబోవడం, ఇవి కుడి గుండె అలిసిపోతోందనడానికి గుర్తులు. ఉప్పు రోజంతటికీ కలిపి ఒక టీ చెంచా దాటకూడదు. అంటే ఆవకాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు పక్కన పెట్టాల్సిందే. తాజా చేప బాగా ఉడికించి, ఉప్పు తగ్గించి పెట్టవచ్చు. కొబ్బరి తోటల మధ్య ఉండి బొండాం తాగొద్దనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ అందులో పొటాషియం ఎక్కువ. ఇప్పుడు వాడుతున్న కొన్ని గుండె మందులు, తరువాత వాడబోయే టాక్రోలిమస్ కూడా పొటాషియాన్ని పెంచేవే. రక్తపరీక్ష చూసి వైద్యుడు సరేనంటే తప్ప వద్దు. పంపరపనస అసలే వద్దు. ఆ జాతి పండ్లు టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, సిల్డెనాఫిల్ వంటి మందుల మోతాదును రక్తంలో పెంచేస్తాయి. జ్వరం వచ్చిందని ఊళ్లో ఇచ్చే క్లారిత్రోమైసిన్, తామరకు ఇచ్చే ఇట్రాకోనజోల్ కూడా అదే పని చేస్తాయి. ఊపిరితిత్తుల బీపీకి వాడే మరో మందు బోసెంటాన్‌ను సైక్లోస్పోరిన్‌తో కలిపి వాడనే కూడదు. ఏ కొత్త మందుకైనా ముందు మార్పిడి ఆసుపత్రికి ఒక ఫోన్ చేయండి.

ఊళ్లో ఉండటం గురించి. జాబితాలో పేరు చేరాక, దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్ ద్వారా పిలుపు ఏ అర్ధరాత్రి వస్తుందో చెప్పలేం. వచ్చాక గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. వరద పెరిగితే సఖినేటిపల్లి రేవులో పంటు ఆగిపోతుంది. చించినాడ వంతెన మీదుగా వెళ్లినా విశాఖకైనా హైదరాబాదుకైనా దూరం దూరమే. అందువల్ల ఎదురుచూసే రోజుల్లో ఆసుపత్రికి దగ్గరలో చిన్న గది అద్దెకు తీసుకోండి. ఆ ఏర్పాట్లకు, ఖర్చుల వివరాలకు ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడగండి. మార్పిడి తరువాత తొలి నెలలు కూడా అక్కడే ఉండటం మేలు. ఆపైన ఊరికి రావచ్చు, ఉద్యోగం కూడా చేయవచ్చు; అయితే రొయ్యల చెరువు బురదలో దిగే పని మానుకుని, లెక్కలు చూసే పనికి మారాలి.

సంక్రాంతి విషయానికి వస్తే, అప్పటికి అతను జాబితాలో ఉంటే ఊరికి తీసుకురాకండి. పండుగ రోజున కూడా పిలుపు రావచ్చు. అప్పటికే మార్పిడి జరిగిపోయి ఉంటే, మొదటి ఏడాది బరుల దగ్గరి దుమ్ముకూ, కోళ్ల గూళ్లకూ, పండుగ జనానికీ అతన్ని దూరంగా ఉంచాలి. మీరే అరిసెలు పట్టుకుని అతని గదికి వెళ్లండి. అరిసెలో ఉప్పు ఉండదు కాబట్టి ఒకటి పెట్టవచ్చు. స్టెరాయిడ్ వాడుతున్నవారికి షుగరు పెరుగుతుంది కనుక రెండోది మాత్రం వైద్యుణ్ని అడిగి పెట్టండి.